పట్టుపురుగుల కింద నోట్సు

పుస్తకం ఉందని చెప్పేశాను. చెప్పేటప్పుడు గొంతు వణకలేదు, రెప్ప కొట్టుకోలేదు. అబద్ధం ఆడడంలో నాకు అంత నేర్పు ఉందని ఆ రోజు వరకు నాకే తెలియదు.

బాగేపల్లి ప్రభుత్వ కాలేజీలో నేను అతిథి ఉపన్యాసకురాలిని. అతిథి అన్నారు కదా అని ఆకు వేసి వడ్డిస్తారనుకునేరు. ఏడాదికోసారి పిలుస్తారు, పాఠం ఉంటే ఉంచుకుంటారు, లేకపోతే వెళ్ళిరమ్మంటారు. చింతామణిలో పొద్దున్నే బస్సెక్కి, బట్లహళ్ళి, చేళూరు దాటి బాగేపల్లిలో దిగేసరికి ఇస్త్రీ చీర కాస్తా అటకమీంచి దింపిన పాత దుప్పటిలా అయ్యేది. అయినా నాకు ఆ ఉద్యోగం ఇష్టం. ఇష్టమని ఎవరితోనూ అనేదాన్ని కాదు, అంటే జీతం పెంచమని అడిగే హక్కు పోతుందని.

ఆ ఏడాది నా ఎకనామిక్స్ క్లాసులన్నీ బదిలీ మీద వచ్చిన పర్మనెంటు ఉపన్యాసకుడికి వెళ్ళిపోయాయి. ప్రాంశుపాలరు, అంటే మా ప్రిన్సిపాల్, నన్ను గదికి పిలిచి ఒకే దారి ఉందన్నారు. బి.ఏ. పిల్లలకు ఐచ్ఛిక పాఠంగా స్టాటిస్టిక్స్ కొత్తగా వచ్చింది, అది చెప్పేవాళ్ళు లేరు, నేను చెప్పాలి. కాకపోతే వచ్చే సోమవారం సాయంత్రం ఐదు గంటలకల్లా పదిహేను మంది స్వయంగా సంతకం పెట్టిన పట్టీ ఆయన బల్ల మీద ఉండాలి. పద్నాలుగైతే పాఠం రద్దు. పాఠం రద్దయితే నేనూ రద్దు. ఆ రెండో మాట ఆయన అనలేదు, కళ్ళద్దాలు తుడుచుకున్నారు, అంతే.

స్టాటిస్టిక్స్ అంటే నాకు చదువుకునే రోజుల్నించీ పడదు. ఎం.ఏ.లో ఆ పేపరు గట్టెక్కానంటే అది పరీక్షకు ముందు కంఠస్థం పట్టిన పుణ్యం. ఆ సంగతి దాచిపెట్టి, తెల్లచీర కట్టుకుని, ఎంతో ఇష్టమైన సబ్జెక్టులాగా క్లాసులోకి వెళ్ళాను. పాతికమందికి పైనే కూర్చున్నారు. పక్కగదిలో టూరిజం ఐచ్ఛికం ఉంది. దానికి చింతామణి బస్టాండులో దొరికే పల్చటి గైడు ఉంది, ప్రశ్నలూ జవాబులూ అందులోనే ఉంటాయి. నా పాఠానికి చెప్పిన పుస్తకం మాత్రం ధర చూడగానే మూసి పెట్టేంత లావు, అదీ బెంగళూరు నుంచి తెప్పించుకోవాలి. లైబ్రరీలో ఒక్క కాపీ కూడా లేదు. పిల్లలకు ఈ వివరాలన్నీ నాకంటే ముందే తెలుసు.

చివరి బెంచీలో రెండు జడల అమ్మాయి లేచి అడిగింది.

"పుస్తకం ఉండాదా మేడమ్?"

"ఉండాది. మీరెవురూ కొనొద్దు. అంతా నేనే ఇస్తా" అన్నాను.

ఆ అమ్మాయి సరేనని తల ఊపి కూర్చుంది. తక్కినవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముందు బెంచీలోని ఒక అబ్బాయి, పుస్తకం చూసినాక సంతకం పెడతామని మర్యాదగానే చెప్పాడు. నమ్మకం లేనప్పుడు మా పిల్లలకు మర్యాద ఎక్కువవుతుంది.

అలా నాకు వారం రోజుల గడువుతో లేని పుస్తకాన్ని ఉన్నట్టు చూపించే పని పడింది.

మొదట ఇంటర్నెట్టు మీద పడ్డాను. ఉచితం అని రాసి ఉన్న చోట అది తప్ప అన్నీ ఉన్నాయి. ఒకచోట పుస్తకం కనిపించింది కానీ ప్రతి పేజీకీ అడ్డంగా ఎవరిదో ముద్ర, లెక్క కింద జవాబు ఉండాల్సిన చోటే సరిగ్గా అది కూర్చుంది. ఇంకోచోట ఉచితంగా దించుకోవడానికి బ్యాంకు కార్డు నంబరు అడిగారు. మరోచోట, ఎవరో పుస్తకాన్ని ఫోనుతో ఫొటోలు తీసి పెట్టారు. ప్రతి ఫొటోలోనూ వాళ్ళ బొటనవేలు పడింది. పైగా అది రాసినవాళ్ళ కష్టాన్ని దొంగిలించడమే. ఆ బొటనవేలిని నా క్లాసులో చూపించడానికి మనసొప్పలేదు. కాలేజీలకు సర్కారు పెట్టిన ఇ-గ్రంథాలయం ఒకటి ఉందని తెలిసింది. దాని పాస్‌వర్డు మా లైబ్రేరియన్‌కు ఇచ్చారట. ఆయన దాన్ని భద్రంగా ఉండాలని ఒక చీటీ మీద రాసి, అంతకంటే భద్రంగా ఉండాలని ఆ చీటీని ఎక్కడో పెట్టారు. ఎక్కడో ఆయనకే గుర్తులేదు. రెండు రోజులు బీరువాలు తీసి వెతికారు పాపం. ఎప్పుడో పోయిన గొడుగు దొరికింది.

చివరికి మంచి పుస్తకం ఒకటి దొరికింది. ఏదో చలిదేశపు ఉపాధ్యాయులు కూడబలుక్కుని రాశారు. ఎవరైనా తీసుకోవచ్చు, ముద్రించుకోవచ్చు, మార్చుకోవచ్చు అని మొదటి పేజీలోనే రాసిపెట్టారు. అది చదివి నాకు కళ్ళు చెమర్చాయి. రెండో పేజీ తిప్పాను. లెక్కలన్నీ మంచు మీద. ఏ ఊళ్ళో ఎన్ని అంగుళాల మంచు కురిసింది, మంచు మీద కర్రలతో ఆడే ఆటలో ఎవరు ఎన్ని గోల్సు కొట్టారు. మొదటి పాఠం నాలుగు పేజీలు ముద్రించి బుధవారం క్లాసులో పంచాను. సగటు మంచు లోతు కనుక్కోమంటే ఒక పిల్లవాడు, మంచు ఫ్రిజ్జు లోపల గోడలకు పట్టినట్టు పడుతుందా, ఐసుగడ్డల్లాగా పడుతుందా అని అడిగాడు. నాకూ తెలియదు. ఆ రోజు సాయంత్రానికి ఏడుగురు టూరిజం గదిలో కూర్చుని కనిపించారు. మనిషికి కోపం రావాలంటే అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. నేను వాళ్ళ వైపు చూడకుండా, నేను చూడలేదని వాళ్ళకు తెలిసేలా, రెండుసార్లు ఆ గది ముందు నడిచాను.

అప్పుడు గుర్తొచ్చారు మా సారు. చిక్కబళ్ళాపురంలో నాకు డిగ్రీలో స్టాటిస్టిక్స్ చెప్పిన ఆయన. ఎప్పుడో రిటైరయ్యారు. ఆయన పుస్తకం చూసి చెప్పేవారు కాదు. సొంతంగా రాసుకున్న నోట్సు ఒకటి ఉండేది, దారంతో కుట్టిన పెద్ద కట్ట. దాంట్లో లెక్కలన్నీ మావే. శిడ్లఘట్ట మార్కెట్లో పట్టుగూళ్ళ ధరలు, చింతామణి మండీకి వచ్చే టమాటా బండ్లు, బాగేపల్లి వైపు వేరుశెనగకు పడ్డ వానలు. అప్పట్లో నేను ఆ లెక్కలు చేయకుండా ఆయన కోటు గుండీలు లెక్కపెట్టేదాన్ని. ఆ తలపుకు సిగ్గుపడుతూనే గురువారం క్లాసు లేని పూట ఆయన ఇంటికి వెళ్ళాను.

సారు నన్ను గుర్తుపట్టారు. స్టాటిస్టిక్స్ చెప్తున్నానని విని చాలాసేపు నవ్వారు. నోట్సు అడిగితే, అది తన దగ్గర లేదన్నారు. రిటైరయ్యే ఏడాదే ఒక విద్యార్థికి ఇచ్చేశారట, ఒకే ఒక్క షరతు మీద: చదువుకున్నాక ఇంకొకరికి ఇవ్వాలి, ఇచ్చేముందు అంచుల్లో తనకు తట్టిన లెక్క ఒకటి రాయాలి. ఎవరైనా కాపీ చేసుకోవచ్చా అని అడిగాను. ఇంటర్నెట్టు పుణ్యమా అని అప్పటికి నాకు అనుమతులు, షరతుల భాష బాగా వంటబట్టింది. సారు నా వైపు జాలిగా చూసి, చదువుకునేదానికి ఒకరి అనుమతి ఏమిటమ్మా అన్నారు.

మొదట ఇచ్చింది ఒక బట్లహళ్ళి అబ్బాయికి. ఇప్పుడు అక్కడి పాల డెయిరీలో సెక్రెటరీ. ఫోను చేస్తే పాలు కొలుస్తూనే మాట్లాడాడు. సాదలి అమ్మాయికి ఇచ్చానని, తాను వెన్నశాతం మీద లెక్క రాశానని గర్వంగా చెప్పాడు. సాదలి అమ్మాయి ఇప్పుడు బడిలో టీచరు. ఆమె దిబ్బూరహళ్ళి కుర్రాడికి ఇచ్చింది. ఆ కుర్రాడు నిరుడే డిగ్రీ ముగించి బెంగళూరు దగ్గర ఫ్యాక్టరీలో చేరాడు. నోట్సు ఇంట్లోనే ఉండాదని, చెల్లెలికి ఇచ్చి వచ్చానని, ఇంటి గుర్తులు చెప్పాడు. నాకు ఒళ్ళు తేలికైంది. అప్పటికి మధ్యాహ్నం, సారు ఇంట్లో మజ్జిగ కూడా తాగకుండా శిడ్లఘట్ట మీదుగా దిబ్బూరహళ్ళి పోయే బస్సెక్కాను.

దిబ్బూరహళ్ళిలో ఆ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. గుమ్మం ముందు సున్నం చల్లి ఉంది. పక్కన పట్టుపురుగులు పెంచే పురుగులింటికి తలుపు వేసి, కిటికీలకు ఈగలు దూరకుండా సన్నటి వలలాంటి జాలి కొట్టి ఉంది. జాలి లోపల ఎవరో ఆకు చల్లుతున్న చప్పుడు. నేను పిలిచేసరికి జాలికి ఒక మొహం ఆనింది. రెండు జడలు. నా చివరి బెంచీ అమ్మాయే. సోమవారం తర్వాత క్లాసులో ఆమె లేదని నేను గమనించనే లేదు.

నోట్సు గురించి అడిగాను. ఆమె వెనక్కి తిరిగి తట్టల వైపు చూసింది. వెదురు స్టాండులో ఒకదాని మీద ఒకటి తట్టలు, తట్టల్లో మల్బరీ ఆకు, ఆకు మీద పురుగులు, అన్నిటికీ అడుగున కాగితం. తట్ట అంచు దాటి ఒక కాగితం చివర బయటికి వేలాడుతోంది. దాని మీద నల్లసిరా అక్షరాలు. అక్షరాలు గుండ్రంగా, కుడివైపుకు ఒరిగి ఉన్నాయి. ఆ చేతిరాత నల్లబల్ల మీద మూడేళ్ళు చూశాను.

ఇంతలో ఆమె అవ్వ కిటికీకి వచ్చింది. వచ్చీరాగానే నా తల వైపు చూసి, మల్లెపూలు తీసి దూరంగా పారేయమంది. మొహాన రాసుకున్న పౌడరు వాసన లోపలికి వస్తోందని, రెండడుగులు వెనక్కి నిలబడమంది. నిలబడ్డాను. కాలేజీలో ప్రాంశుపాలరు చెప్పినా ఒక మాట ఎదురు చెప్పే మనిషిని, ఆ అవ్వ చెప్పగానే జడలోంచి పూలు తీసి దిబ్బ మీద వేశాను.

కాగితం సంగతి అవ్వే చెప్పింది. చాకీ పురుగులు, అంటే వేరేచోట కొన్నాళ్ళు పెంచి అమ్మే లేత పురుగులు, మంగళవారం వచ్చాయి. లేత పురుగులకు న్యూస్‌పేపరు పరిస్తే అచ్చుసిరా వాసన పడదని ఆమె నమ్మకం. చేత్తో రాసిన పాత కాగితమైతే మెత్తగా ఉంటుంది, చెమ్మ పీల్చుకుంటుంది, వాసన ఉండదు. అందుకని ఇంట్లో ఉన్న కాగితాల్లో అన్నిటికన్నా మంచిది ఏరి, దారం తెంపి, పరిచింది. సారు నోట్సును ఆమె ఏమీ చిన్నచూపు చూడలేదు, పైగా లేత బిడ్డల కింద పరిచేంత మంచి కాగితమని మెచ్చుకునే వేసింది.

నేను ఆ అమ్మాయి మీద విరుచుకుపడ్డాను. అంత విలువైన నోట్సు, అన్న ఇచ్చిపోయింది, ఎట్లా ఇచ్చేశావని అడిగాను. ఆమె జాలి అవతల నుంచి నన్నే చూసింది.

"మీరు పుస్తకం ఉండాదంటిరి కదా మేడమ్. నేను అన్న నోట్సు తెద్దామని లేచింటి. మీకాడ ఉండాదంటే ఇంక ఇది ఏమిటికని అవ్వకు ఇచ్చేస్తి."

నా కోపం ఎక్కిన దారినే దిగింది. ఆ రోజు నిజం ఒక్క మాట చెప్పి ఉంటే మర్నాడు ఆ కట్ట నా బల్ల మీద ఉండేది. సారు ముప్పై ఏళ్ళ చేతిరాతను పురుగుల కింద పరిచింది అవ్వ కాదు, నేను. సున్నం చల్లిన గుమ్మం ముందు ఆ ఎండలో నిలబడి నిజంగా సిగ్గుపడ్డాను. నాకు సిగ్గు అరుదు, అందుకే అది ఎలా ఉంటుందో బాగా గుర్తుంది.

నేను లోపలికి వెళ్ళడం కుదరదు. బయటివాళ్ళ కాలు పడితే పురుగుకు రోగం తగులుతుంది. లోపలిది ఊరికే బయటికి ఇవ్వరు కూడా. అవ్వ మాత్రం పూర్తిగా తలుపు మూసెయ్యలేదు. శుక్రవారం పొద్దున పడక తీస్తారట. అంటే తట్టల్లోని పాత ఆకూ, పిట్టిక అనే పురుగుల రెట్టా కింది కాగితంతో సహా ఎత్తి బయట ఎరువు తిప్పలో పోస్తారు. తిప్పలో పడ్డాక అది ఎవరిదైనా తనకు పట్టింపు లేదంది. అయితే తీసిన కాగితానికి బదులు వేసేదానికి అంతే మంచి కాగితం తేవాలి. చేత్తో రాసింది, మెత్తగా ఉండాలి, అచ్చుది వద్దు.

చింతామణిలో మా ఇంట్లో అలాంటి కాగితం ఒకటే ఉంది. నా ఎం.ఏ. నోట్సు. పన్నెండు కట్టలు, ఒక్కోదానికీ రంగు అట్ట, తలకట్టులన్నీ ఎర్రసిరాతో, ఎక్కడా కొట్టివేత లేదు. ఇనప్పెట్టెలో ముసుగేసి పెట్టాను. మా అమ్మ ప్రతి పండక్కీ దాన్ని పాతపేపర్లవాడికి వేద్దామంటుంది, నేను ప్రతి పండక్కీ పోట్లాడతాను. ఎవరైనా అడుగుతారని నా ఆశ. ఒక్కరూ అడగలేదు. శుక్రవారం తెల్లవారగానే నాలుగు కట్టలు సంచిలో వేసుకుని బయల్దేరుతుంటే మా అమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. పురుగులకు అని చెప్పాను. ఇన్నాళ్ళకు మంచి దారి పట్టినావు అంది.

అవ్వ జాలి ఒక మూల ఎత్తి నా నోట్సు ఒక కాగితం తీసుకుని రెండు వేళ్ళతో నలిపి చూసింది. నా ఎం.ఏ. ఫస్టుక్లాసు కూడా అంత నిదానంగా ఎవరూ పరీక్షించలేదు. బాగుందన్నట్టు తల ఊపింది. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పుకోవడానికి కూడా మొహమాటంగా ఉంది.

తర్వాత రెండు గంటలు తిప్ప పక్కన గొంతుక్కూర్చున్నాను. పై నుంచి తట్టలు కుమ్మరించినప్పుడల్లా పడక ముద్దలో చేయిపెట్టి కాగితాలు లాగడం, పిట్టికలు దులపడం, ఎండలో రాళ్ళ కింద ఆరబెట్టడం. ఆకుపసరు మరకలు, కొన్ని మరీ నాని పిప్పి అయ్యాయి. కానీ అక్షరాలు చెదరలేదు. సారు ఏ సిరా వాడారో గానీ, పురుగులకూ చెమ్మకూ లొంగలేదు. అంచుల్లో మిగతావాళ్ళ రాతలు కూడా కనిపించాయి. డెయిరీ అబ్బాయి వెన్నశాతం, సాదలి అమ్మాయి బడి హాజరు, దిబ్బూరహళ్ళి కుర్రాడు బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమో నెల రోజులు రాసి దాని మధ్యమం కట్టాడు. ఆ పిల్లాడి లెక్క చదువుతూ తిప్ప పక్కనే నవ్వాను. అప్పుడే మొదటిసారి స్టాటిస్టిక్స్ నాకు అర్థమైందని చెప్తే అతిశయోక్తి. కానీ మొదటిసారి అది ఎవరో ఒకరి అవసరంలా కనిపించింది.

అన్ని కాగితాలూ రాలేదు. కొన్ని తట్టల్లో పురుగులు ముందే మూడో జ్వరానికి పడ్డాయి. జ్వరమంటే పొర విడిచే ముందు తల ఎత్తి కదలకుండా నిద్రపోవడం. ఆ సమయంలో తట్టను ముట్టుకోకూడదు. చివరి రెండు పాఠాలు ఆ నిద్ర కింద ఉండిపోయాయి. పురుగు లేచేసరికి సోమవారమవుతుంది. పురుగు లేస్తే ఇంట్లో అందరికీ చేతినిండా పని, ఆకు కోయాలి, వేయాలి, తట్టలు విడదీయాలి. ఆ అమ్మాయి గడప దాటే వీలే లేదు. ఒకసారి బయటికి పోయి, నాలుగు ఊళ్ళ పురుగిండ్ల మనుషులు ఎక్కే బస్సులో కూర్చున్నాక, పంట చేతికి వచ్చేవరకు అవ్వ మళ్ళీ లోపలికి రానివ్వదు.

శని, ఆదివారాలు ఇంట్లో ఆ కాగితాలను వరస పెట్టాను. చలిదేశపు పుస్తకంలోని వివరణలు తీసుకుని, మంచు ఉన్నచోటల్లా సారు లెక్కలు పెట్టాను. అది ఇచ్చినవాళ్ళే మార్చుకోమన్నారు కదా. పురుగుల కింద నలిగిన కాగితాల పక్కన ఎక్కడో మంచుదేశపు పేజీలు, రెండింటికీ మొదటిసారి జత కుదిరింది. అర్థం కానిచోట సారుకు ఫోను చేశాను. నోట్సు ఏమైందో చెప్పాను. ఆయన కోప్పడతారని కాచుకుని కూర్చుంటే, పురుగు ఏ జ్వరంలో ఉండాది, ఆకు పచ్చిగా పెడతాండారా ఆరబెట్టి పెడతాండారా అని అడిగారు. ఆయన ఇల్లూ ఒకప్పుడు పురుగుల ఇల్లే అని నాకు అప్పుడే తెలిసింది.

సోమవారం మరకల కాగితాలు సంచిలోనే క్లాసుకు తీసుకెళ్ళాను. పోయిన సోమవారం నేను చెప్పింది అబద్ధమని చెప్పాను. పుస్తకం లేదు, ఉన్నది ఇదీ అని, ఎక్కడి నుంచి తెచ్చానో కూడా చెప్పి కాగితాలు బల్ల మీద పరిచాను. గదిలో సగం మంది పురుగుల ఇళ్ళ పిల్లలే. ఆ వాసన వాళ్ళకు కొత్త కాదు. ముందుకొచ్చి కాగితాలు తిప్పి చూశారు. బస్సు ఆలస్యం లెక్క దగ్గర గుంపు చేరింది, అది మా బస్సే అని ఇద్దరు వాదించుకున్నారు. ముందు బెంచీ అబ్బాయి మొదట సంతకం పెట్టాడు. టూరిజానికి వెళ్ళిన ఏడుగురిలో ముగ్గురు తిరిగొచ్చారు, నేను వాళ్ళను గుర్తుపట్టనట్టు నటించాను. మధ్యాహ్నం మూడింటికి పద్నాలుగు సంతకాలు.

పదిహేనోది ఎవరిదో నాకు తెలుసు. ఫోను చేతిలోనే ఉంది. ఆమెకు చేయలేదు. నా అబద్ధానికి ఆ ఇల్లు ఇప్పటికే నోట్సు పోగొట్టుకుంది, ఇక పంట కూడా అడగడానికి నోరు రాలేదు. పట్టీలో ఒక గీత ఖాళీగా ఉంది. అక్కడ గుండ్రంగా ఒక సంతకం నేనే గీసేయవచ్చన్న ఆలోచన వచ్చిన మాట నిజం. ఒక వారంలో రెండు అబద్ధాలు నాకే ఎక్కువ అనిపించి పెన్ను మూతపెట్టాను. స్టాఫ్ గదిలో నా అరలో ఉన్నవి సర్దుకోవడం మొదలుపెట్టాను. గ్లాసు, సుద్దముక్కల డబ్బా, మంచులెక్కల నాలుగు పేజీలు. చాలా ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా గ్లాసు కడుగుతున్నట్టు కొళాయి దగ్గర నిలబడ్డాను.

నాలుగున్నర దాటాక ఆమె వచ్చింది. జడలకు ఆకుపొడి, చేతులకు మల్బరీ పాల జిగురు, చేతిలో పాత టవల్లో చుట్టిన కట్ట. చివరి రెండు పాఠాలు. పొద్దున పురుగు లేచింది, పడక తీశారు, కాగితాలు దులిపి ఆరబెట్టి తెచ్చింది. సంతకం పెట్టేటప్పుడు జిగురుకు పట్టీ వేళ్ళకు అంటుకుంది. ఇద్దరం కలిసి ప్రాంశుపాలరు గదికి పరుగెత్తాం. ఆయన గడియారం చూసి, పట్టీ చూసి, ఏమిటీ వాసన అని మాత్రం అడిగారు.

బయటికి వచ్చాక అడిగాను, ఇప్పుడు నువ్వు లోపలికి పోలేవు కదా, పని ఎవరు చూస్తారని. తోటలో ఆకు కోసే వాళ్ళమ్మను అవ్వ లోపలికి పిలుచుకుందట. తోటలో నాన్న ఒక్కడే ఉన్నాడు. ఇంకో మాట చెప్పడానికి ఆమె కొంచెం తటపటాయించింది. మేడమ్‌ను పిల్చుకొని రా, ఆకు కోసేదానికి అని అవ్వ చెప్పి పంపింది.

ఆ సాయంత్రం కాలేజీ చీర పైకి దోపుకుని మల్బరీ తోటలో ఆకు కోశాను. నాకు ఆకు కోయడం రాదు. లేతది వదిలి ముదురుది కోశానని వాళ్ళ నాన్న రెండుసార్లు చెప్పాడు, మూడోసారి చెప్పకుండా ఆయనే మళ్ళీ కోశాడు. కట్ట నెత్తిన పెట్టుకుని కిటికీ దగ్గర దించాను. పూలు లేవు, పౌడరు లేదు. అవ్వ నన్ను వెనక్కి నిలబడమనలేదు.

ఈ బిడ్డను ఏల పంపితివవ్వా, మూడో జ్వరం లేచిన దినమే, అని అడిగాను. ఆమె ఆకు తిరగేసి చూస్తూ జవాబు చెప్పింది.

"ఆ దినం తిప్పలో నువ్వు కాగితాలు ఏరుకొంటాంటే కిటికీలో చూస్తాంటినమ్మా. నా బిడ్డకు పాఠం చెప్పేదానివి నువ్వే అట్లా ఏరుకొంటా ఉంటే, నేను దీన్ని ఇంట్లో పెట్టుకొని ఏం చేసుకోవాల?"

వరండాలో అరుగు మీద ఆ అమ్మాయి చివరి పాఠం కొత్త తెల్లకాగితం మీద తిరగరాస్తోంది. పురుగులింట్లోకి పోయే వీలు లేదు, ఇంకో పది రోజులు ఆమెకు అదే పని. రాస్తున్నది ఆపి, అంచులో తన లెక్క ఏది వేయాలని అడిగింది. నీ ఇష్టం, కానీ రేపు క్లాసుకు తెచ్చేయమని చెప్పి, నేను రెండో కట్టకు తోటలోకి వెళ్ళాను.